పెడల్ కత్తిరించిన బొమ్మ

మా వదిన పోయిందన్న కబురు వాళ్ల అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో రెండు మెసేజీల మధ్యన వచ్చింది. పైన ఆ రోజు మంజీరా నీళ్లు రావన్న ప్రకటన, కింద సెల్లార్‌లో వేరేవాళ్ల చోట్లో కారు పెట్టి పోయినవాడెవడన్న విచారణ. అన్నయ్య నాకు ఫోన్ చేసినప్పుడు నేను హఫీజ్‌పేట ఫ్లైఓవర్ మీద ఆటోలో ఇరుక్కుని ఉన్నాను. "వదిన లేదురా" అన్నాడు, అంతే. పొద్దున టీ పెట్టి, ఛాతీ బరువుగా ఉందని కుర్చీలో కూర్చుందట. అంబులెన్సు మియాపూర్ చౌరస్తా దాటేలోపే అయిపోయింది. నేను వెళ్లేసరికి గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగుతున్నాయి. ఆ కారు మాత్రం ఎవరూ తీయలేదు.

మా వదినని మీరెవరూ ఎరగరు, ఎరిగే దారీ లేదు. ఆవిడ చేసిన పని మీద చేసినవాళ్ల పేరుండదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో కూర్చుని కార్ల మరమ్మతు పుస్తకాలు రాసేది. అందులోనూ ఆవిడ వంతుకొచ్చినవి ఒక రకం పేజీలు: కారులో ఏ కంట్రోల్ మాడ్యూల్ ఎక్కడుందో చెప్పేవి. ఇప్పటి కార్లలో ప్రతి పనికీ ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి. తలుపు తాళాలకీ లైట్లకీ వైపర్లకీ కలిపి ఇంకొకటి. మెకానిక్కులు అన్నిటినీ కలిపి డబ్బాలంటారు. బానెట్ ఎత్తితే కనబడేవి తక్కువ. సీటు కింద, తివాచీ కింద, డాష్‌బోర్డు వెనకాల దాక్కుని ఉంటాయి. చోటు తెలియకపోతే మెకానిక్కు సగం కారు విప్పాలి. చోటు తప్పు చెబితే ఏమవుతుందో తర్వాత చెబుతాను. నేను ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

ముందు మీకొక సంగతి తెలియాలి. ఈ పుస్తకాలు రాసేవాళ్లు ఆ కారుని చూడరు. ముట్టుకోరు. చాలాసార్లు ఆ కారు మన దేశానికే రాదు. డ్రాయింగులొస్తాయి, పాత మోడల్ పుస్తకం ఉంటుంది, రెండూ పక్కపక్కన తెరిచి కొత్త పుస్తకం తయారుచేస్తారు. ఎక్కడో ఒక మెకానిక్కు వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని, వీళ్లు రాసిన వాక్యాన్ని నమ్మి చెయ్యి లోపలికి పోనిస్తాడు. రాసినవాడికి వాడి మొహం తెలియదు, వాడికి రాసినవాడి పేరు తెలియదు. ఆ మధ్యలో ఉన్న దూరం వల్లే కదా ఈ మేడలకి కిరాయి గిట్టేది! పని చేసే చేతికీ పని గురించి రాసే చేతికీ మధ్య ఎన్ని సముద్రాలుంటే అంత చవక. దీన్ని నేను ఎన్నోసార్లు రాశాను, మీరు ఎన్నోసార్లు విసుక్కున్నారు. విసుక్కోండి.

వదినది గుంటూరు వైపు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివింది, తరగతిలో ఒక్కతే ఆడపిల్ల. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చేసి, అది మూతపడితే హైటెక్ సిటీకి మారింది. అణకువ గల మనిషేం కాదు. తప్పు కనబడితే ఎదుటివాడి హోదా చూసేది కాదు, నాతో అయితే అసలే చూసేది కాదు. నన్ను "మరిదిగారూ, మీరు" అని పిలిచేది. ఆ గౌరవమంతా వెక్కిరింపే. నేను మటుకు "వదినా, నువ్వు" అనేవాణ్ని.

ఆవిడకొక పిచ్చి ఉండేది. క్యాబ్ ఎక్కితే చాలు, ముందు సీట్లో కూర్చుని, "నాయనా, ఈ గ్లవ్‌బాక్స్ ఒక్కసారి తీయనా?" అనేది. డ్రైవరు అనుమానంగా చూసేవాడు. ఆవిడ మూత దించి, పక్కనున్న గొళ్లేలు నొక్కి, పెట్టె మొత్తం కిందికి వాల్చి, వెనక చీకట్లోకి చెయ్యి పెట్టి, "ఆ, ఇక్కడే ఉంది" అని మళ్లీ బిగించేది. మూసాపేటలో ఒక పెళ్లికి పోతూ పట్టుచీరలో ఈ పని చేస్తే అన్నయ్య సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "చెయ్యి పెట్టి చూడకుండా చోటు చెప్పకూడదండీ" అనేది. ఇంకొకటుంది. కుడీ ఎడమా అని ఎవరన్నా చెబితే, "ఎవరి కుడి?" అనేది. కారు ముందు నిలబడి చూసేవాడి కుడి వేరు, సీట్లో కూర్చున్నవాడి కుడి వేరు. సీట్లో కూర్చుని ముందుకి చూస్తే ఏది కుడో అదే లెక్క. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా ఇదే పద్ధతి. పొయ్యికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి పై అర, లోపలి మూల. అన్నయ్య ముప్పయ్యేళ్లు ఆ వంటింట్లో ఎప్పుడూ ఏదీ వెతుక్కోలేదు.

ఇక అసలు సంగతి. ఒక కొత్త మోడల్ కారు మన షోరూముల్లోకి వచ్చింది, దాని మరమ్మతు పుస్తకం వెనకబడింది. ఆ కారుకి మొదట వేరే దేశాల కోసం, స్టీరింగు ఎడమ పక్కన ఉండే రకానికి పుస్తకం రాశారు. మనకి స్టీరింగు కుడి పక్కన కదా. మన రకానికి పేజీలు తయారుచేయమని వదిన బృందానికి పని వచ్చింది. వ్యవధి తక్కువ. ఎవరో ఒక ఉపాయం కనిపెట్టారు: పాత బొమ్మని కంప్యూటర్లో అద్దంలో చూసినట్టు తిప్పేస్తే ఎడమ స్టీరింగు కుడి స్టీరింగవుతుంది. తిప్పారు. తలుపు తాళాల డబ్బా స్టీరింగు కింద ఉన్నట్టు బొమ్మ తయారైంది.

ఆఖరి పరిశీలన వదినది. ఆవిడ టిక్ పెడితేనే పేజీ బయటికి పోతుంది. బొమ్మ చూసింది. స్టీరింగు కింద ఒక మూలన రెండు పెడల్స్ సగం సగం కనబడుతున్నాయి. బ్రేకుకి ఎడమ పక్కన యాక్సిలరేటర్! స్టీరింగు ఎటువైపున్నా యాక్సిలరేటర్ ఎప్పుడూ బ్రేకుకి కుడి పక్కనే ఉంటుంది. అంటే ఇది ఏ కారూ చూసి గీసిన బొమ్మ కాదు, తిప్పిన బొమ్మ. స్టీరింగు మారితే డాష్‌బోర్డు మారుతుంది కానీ లోపలి డబ్బాలు దానితోపాటు పక్కకి జరగాలని ఎక్కడా లేదు. ఆవిడ టిక్ పెట్టలేదు. ఆ కారుది ఒక్క ఫోటో తెప్పించమంది.

మేనేజరు చూశాడు. ఒప్పుకున్నాడు కూడా, మూర్ఖుడేం కాదు. ఒప్పుకుని ఇలా అన్నాడట:

"మేడం, కనబడుతున్న ప్రాబ్లం పెడల్ ఒక్కటే కదా. క్రాప్ చేసేద్దాం."

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన ఈ మాట చెబితే నేను నమ్మలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. తప్పు తెలిసిపోయేది పెడల్ వల్ల కాబట్టి పెడల్ కత్తిరిస్తే తప్పు ఉండదు! నేను ఇన్నేళ్లుగా ప్రభుత్వాల గురించీ పత్రికల గురించీ పేజీలకి పేజీలు రాసి చెప్పలేకపోయింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

వదిన నవ్వలేదు. "పెడల్ కత్తిరిస్తే పెడల్ పోతుంది. డబ్బా చోటు మారదు కదండీ" అంది. పెరుగన్నం కలుపుకుంటూ, మర్నాడు ఖాళీయేనా అని నన్నడిగింది.

మర్నాడు కొండాపూర్‌లో ఒక షోరూముకి తీసుకెళ్లింది. కొనేవాళ్లలాగా. నాకు కార్లంటే ఎంత ప్రేమో మీకు తెలుసు. సేల్స్ కుర్రాడు రంగుల గురించీ, పైకప్పు అద్దం గురించీ చెబుతుంటే నేను తలూపుతున్నాను. టెస్ట్ డ్రైవ్ తీసుకోండి, ఫీల్ అవుతారు అన్నాడు. వదిన అప్పటికే డ్రైవరు తలుపు తీసి, కొంగు బొడ్లో దోపి, నేల మీద మోకాళ్లేసి, స్టీరింగు కిందికి తల దూర్చింది. ఫోన్ వెలుతురు లోపల అటూ ఇటూ తిరుగుతోంది.

కుర్రాడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "సార్, మేడందేమన్నా పడిపోయిందా?" అన్నాడు.

"ఆ, ఒక డబ్బా పడిపోయింది నాయనా, వెతుకుతున్నా" అంది వదిన లోపల్నుంచి.

వాడికేం అర్థం కాలేదు. మర్యాద కోసం, సార్ ఏం చేస్తుంటారు అని నన్నడిగాడు. జవాబు కింద నుంచే వచ్చింది: "వ్యాసాలు రాస్తుంటారు. కార్ల మీదే. కొనొద్దని."

ఆ తర్వాత ఎడమ పక్కకి వెళ్లి గ్లవ్‌బాక్స్ వాల్చింది. తలుపు తాళాల డబ్బా అక్కడ, దాని వెనక ఉంది. పాత చోటే; స్టీరింగు మారినా అది కదల్లేదు. మరి స్టీరింగు కింద, బొమ్మలో డబ్బా ఉందన్న చోట ఏముంది? పసుపు తొడుగు తీగలు. డ్రైవరు మోకాళ్లకి ఎయిర్‌బ్యాగు. ఆ మొదటి దేశాల రకానికి అది లేదు, మన రకానికి పెట్టారు.

ఎయిర్‌బ్యాగంటే దిండు అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. అది ఉబ్బడం కాదు, పేలడం. దాని దగ్గర పని చేసేముందు బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగాలి. ఆ హెచ్చరిక ఆ పేజీలో లేదు. ఎందుకుంటుంది? ఆ పేజీ ప్రకారం అక్కడ ఎయిర్‌బ్యాగే లేదు. ఆ పేజీని నమ్మిన మెకానిక్కు తల స్టీరింగు కింద పెట్టి, డబ్బా అనుకుని తీగ లాగుతాడు. వాడి మొహానికీ ఆ సంచికీ మధ్య జానెడు దూరం.

తిరిగొచ్చి ఆవిడ ఉన్నదున్నట్టు మేనేజరుకి రాసింది. ఈలోపే వేరే ఎవరితోనో టిక్ పెట్టించి పేజీ పంపేశారు. పెడల్ కత్తిరించిన బొమ్మతోనే. గమనించామనీ, వచ్చే సవరణలో చూస్తామనీ జవాబొచ్చింది. వచ్చే సవరణంటే నెలలు. వదిన రెండోసారి రాసింది, మూడోసారి పైవాళ్లకి రాసింది. జవాబు అక్షరం మారలేదు.

అప్పుడావిడ చేసిన పని, నేనెరిగిన మనుషుల్లో ఇంకెవరూ చేయరు. శనివారాలు బ్యాగులో నీళ్ల సీసా పెట్టుకుని వర్క్‌షాపులు తిరగడం మొదలుపెట్టింది. మియాపూర్, శేరిలింగంపల్లి, బాలానగర్. మెకానిక్కుల దగ్గర ఈ పుస్తకాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. వాళ్లని పట్టుకుని, ఫలానా కారొస్తే ఫలానా పేజీ నమ్మొద్దని చెప్పేది. కొందరు విన్నారు. కొందరు ఏ కంపెనీ ఏజెంటో అనుకుని పొమ్మన్నారు. బాలానగర్‌లో ఒక పెద్ద మెకానిక్కు ఉన్నాడు, అందరూ ఉస్తాద్ అంటారు. ఆ రోజు నేను వెంట ఉన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అంతా విని, "అమ్మా, కాయితమేమో గిట్ల చెప్తుంది, నువ్వేమో గట్ల చెప్తున్నవ్. నేనెవల్ని నమ్మాలె?" అన్నాడు.

"ఎవర్నీ నమ్మొద్దు. గ్లవ్‌బాక్స్ వాల్చి చూడండి" అంది వదిన.

అదృష్టానికి ఆ రోజు ఆ మోడల్ కారొకటి బంపరు పనికొచ్చి అక్కడే ఉంది. ఆయన వాల్చి చూశాడు. తర్వాత డ్రైవరు తలుపు వైపుకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, కిందికి వంగి చాలాసేపు ఆ పసుపు తీగల్ని చూశాడు. లేచి, "మావోళ్ల తల్కాయలు గాడనే ఉంటయి గదమ్మా" అన్నాడు. టీ తెప్పించాడు.

ఇలాంటివి దాగవు. ఒక వర్క్‌షాపులో ఎవరో వదిన చెబుతుండగా వీడియో తీసి మెకానిక్కుల గ్రూపులో పెట్టారు. అది చేతులు మారి మారి ఆ అద్దాల మేడలోకి చేరింది. ఆవిడని ఒక గదిలోకి పిలిచారు. పేజీ తప్పా ఒప్పా అని ఎవరూ అడగలేదట. కంపెనీ రహస్యం బయటపెట్టావన్నారు. రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుందన్నారు. ఇచ్చింది. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి, రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఇంటికొచ్చింది. ఆ ఐటీ కారిడార్‌లో యూనియనంటే కొత్త జిమ్ పేరనుకునే రోజులివి. పక్క కుర్చీల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్లకి ఫ్లాట్ల మీద అప్పులున్నాయి, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గాలని లేదు. వాళ్లలోనే కొందరు ఇప్పుడు ఆవిడ ఫోటో పెట్టి, నిబద్ధతకి నిలువుటద్దం అని రాస్తున్నారు.

నేను ఆ వారమే వ్యాసం రాశాను. కంపెనీ పేరు, మేనేజరు పేరు, పెడల్ సంగతి, అన్నీ. అచ్చుకి పంపేముందు ఆవిడకి చూపించాను. పొయ్యి దగ్గర నిలబడి మొత్తం చదివింది. పేర్లు తీసేయమంది.

"పేర్లు తీస్తే ఇంకేం మిగులుతుంది వదినా?"

"పేరు రాశారనుకోండి, రేపట్నుంచి అందరూ పేరు కాపాడుకునే పనిలో పడతారు. లాయర్లొస్తారు. పేజీ తప్పని ఒప్పుకుంటే కేసు ఓడిపోతామంటారు. ఇక ఆ పేజీ ఎవరు ముట్టుకుంటారు చెప్పండి?"

నేను ఊరుకోలేదు. ఈ ఒక్క పేజీ మారుతుంది సరే, వాళ్ల పద్ధతి మారదు కదా, రేపు ఇంకో కారుకి ఇంకో బొమ్మ తిప్పుతారు, అప్పుడు చూసేందుకు నువ్వుండవు అన్నాను. గొంతు పెంచే అన్నాను.

"మీది వచ్చే పేజీ గొడవ మరిదిగారూ. నాది ఈ పేజీ గొడవ" అంది. గ్యాస్ తగ్గించి, పప్పులో ఉప్పు చూడమని గరిటె నా చేతికిచ్చింది.

ఆ వ్యాసం అచ్చు కాలేదు. మా వాదం మాత్రం ఎక్కడా ఆగలేదు. కలిసినప్పుడల్లా ఎక్కడ వదిలామో అక్కణ్నుంచే మొదలయ్యేది. నేనిప్పటికీ నాదే ఒప్పంటాను. పేరు లేని తప్పుకి సిగ్గుండదు. ఆవిడ సౌమ్యంగా ఉండమందని నేనీ పేర్లు దాచడం లేదు. ఆవిడ ఎదురుగా లేనప్పుడు గెలవడం నాకిష్టం లేదు, అంతే.

పేజీ మారింది. కొన్ని నెలల తర్వాత ఉస్తాదే ఆవిడకి ఫోన్ చేసి చెప్పాడు. కొత్త బొమ్మలో డబ్బా గ్లవ్‌బాక్స్ వెనక ఉంది, స్టీరింగు కింద ఎయిర్‌బ్యాగు హెచ్చరికా ఉంది. కంపెనీ నుంచి వదినకి ఒక్క ముక్క రాలేదు. ఆవిడ సరేనని ఫోన్ పెట్టేసి, బాల్కనీలో ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లింది. నేనైతే లాల్‌బహదూర్ స్టేడియంలో సభ పెట్టేవాణ్ని. ఈలోపు ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. జరగని ప్రమాదానికి సాక్షులుండరు, పరిహారం ఉండదు, వార్త ఉండదు. ఒక మెకానిక్కు సాయంత్రం మామూలుగా ఇంటికెళ్లి మొహం కడుక్కుంటాడు. ఆ మామూలుతనానికి ఆవిడ ఉద్యోగం ఖర్చయింది.

ఆ తర్వాత రెండేళ్లు బాలానగర్‌లో మెకానిక్కులకి పాఠాలు చెప్పింది. జీతం తక్కువ, అరుపులెక్కువ అని నవ్వేది. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: సీట్లో కూర్చోబెట్టి, కుడి చెయ్యి ఎత్తమనేది.

దహనం అయిన మర్నాడు, ఉస్తాద్‌కి ఇంకా తెలియదని అన్నయ్యకి గుర్తొచ్చింది. ఫోన్లో వద్దురా, నువ్వెళ్లి చెప్పు అన్నాడు.

వెళ్లాను. వర్క్‌షాపులో ఎండ షెడ్డు సగం దాకా వచ్చి ఉంది. ఆ మోడల్ కారే, తెల్లది, నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంది. ఉస్తాద్ ఎక్కడని అడిగితే ఎవరో అటు చూపించారు. ఎడమ తలుపులోంచి రెండు కాళ్లు బయటికి చాపి ఉన్నాయి. చెప్పులు కింద విడిచి ఉన్నాయి. మనిషి లోపల వెల్లకిలా పడుకుని, గ్లవ్‌బాక్స్ ఊడదీసిన ఖాళీలోకి రెండు చేతులూ పైకి పెట్టి, ఏదో పాత పాట గొంతులోనే తీస్తున్నాడు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. స్టీరింగు కింద ఎవరూ లేరు.

పిలుద్దామని నోరు తెరిచి, ఊరుకున్నాను. లోపల తీగ కూర్చున్న చిన్న చప్పుడైంది. మరుక్షణం నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారిగా టక్కుమన్నాయి, కారు ముందూ వెనకా దీపాలు ఒక్కసారి వెలిగి ఆరాయి. లోపల పాట ఆగలేదు. నేను ఎండలో నిలబడి, ఆయన బయటికి వచ్చేదాకా ఆగాను.